యుద్ధభూమి పరిచారికల రచనలు: బీభత్సరసవిచారము

యుద్ధవర్ణనము లేని ప్రాచీనవాఙ్మయము అరుదు. అయినను కవి వీరుని వెంబడించునది అతడు నేలగూలు వరకే. కూలినవాడు మరణించెనేని వీరస్వర్గమును, జయించి మరలెనేని కీర్తిని పొందును. ఈ రెండింటికిని నడుమ, చావక బ్రదుకక శయ్యపై పడియున్న క్షతగాత్రుని గతి యేమి? ఈ ప్రశ్నకు కావ్యము లిచ్చు సమాధానము స్వల్పము. ఆ స్థితిని రేయింబవళ్లు దగ్గఱనుండి చూచినది పరిచారిక. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునుండి ఐరోపా, అమెరికా దేశముల సైనికవైద్యశాలలలో పరిచర్యకు ప్రవేశించిన స్త్రీలలో కొందఱు తాము చూచినదానిని గ్రంథములుగా వ్రాసిరి. వానిలో ముఖ్యమైన కొన్నింటిని మన రసశాస్త్రదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున మే ముద్దేశించిన పని.

ఈ రచనలు కరుణరసప్రధానములని సామాన్యముగా తలపబడుచుండును. స్త్రీ వ్రాసినది, రోగిశయ్యను గూర్చి వ్రాసినది, కనుక కరుణ యనుట సులభము. మా అభిప్రాయము ఇందుకు భిన్నము. వీనిలో కరుణప్రధానములు కొన్ని కలవు. కాని ఉత్తమములైనవానికి జీవము బీభత్సము. అదియు మన యుద్ధవర్ణనలు అలంకారముగా వాడుకొనిన బీభత్సము కాదు. ఈ భేదమును గుర్తింపనిచో, ఆ గ్రంథములలో ఒకటి యేల ప్రభుత్వనిషేధమునకు గుఱియైనదో, ఒక రచయిత్రి యేల కొలువునుండి తొలగింపబడినదో మనకు బోధపడదు.

ముందుగా మన గ్రంథములలో క్షతగాత్రునకును, అతనికి పరిచర్య చేయు స్త్రీకిని గల స్థానమును చూతము. కౌటిల్యుడు అర్థశాస్త్రము దశమాధికరణమున, శస్త్రములు, యంత్రములు, ఔషధములు, తైలములు, వస్త్రములు చేబూనిన చికిత్సకులును, అన్నపానములను రక్షించు స్త్రీలును సేనకు వెనుక నిలువవలెనని విధించెను. స్త్రీల కచ్చట గల మఱియొక పని యోధులకు ఉత్సాహము గొల్పుట. గాయమును ముట్టువాడు పురుషుడు; స్త్రీ అన్నముతోడను, మాటతోడను సేనను నిలుపునది. వ్యాసభారతము ఉద్యోగపర్వమున శిబిరములలో వైద్యులుండిరని చెప్పబడినది. భీష్మపర్వమున శరతల్పగతుడైన భీష్మునికడకు శల్యములను తీయ నేర్చిన వైద్యులు రాగా, వారిని సత్కరించి పంపివేయుమని ఆయన దుర్యోధనునితో చెప్పెను. చికిత్సను నిరాకరించుట అచ్చట వీరలక్షణము.

ఇక స్త్రీ యుద్ధభూమికి వచ్చునది స్త్రీపర్వమున. అప్పటికి యుద్ధము ముగిసినది. వ్యాసుని యనుగ్రహముచే దివ్యదృష్టి గలిగి గాంధారి రణరంగమును దూరమునుండియే చూచి కృష్ణునకు చూపును. భూరిశ్రవసుని తెగిన హస్తమును చూచి అతని భార్యలు దాని పూర్వవిలాసములను తలచుకొని విలపించు ఘట్టము ఆలంకారికులకు సుపరిచితము. శృంగారస్మరణము కరుణకు అంగమగుటకు మమ్మటుడు దానినే ఉదాహరించెను. ఆ హస్తమున కొక పేరున్నది, చరిత్రయున్నది, దానిని గుర్తుపట్టగల భార్య యున్నది. అందువలన అది కరుణకు ఆలంబనమైనది.

దీనికి సరిగా ఎదురుగా నిలుపదగిన ఘట్టమొకటి మేరీ బోర్డెన్ వ్రాసిన ‘ది ఫర్బిడెన్ జోన్’ అను గ్రంథమున కలదు. శస్త్రచికిత్సలో తీసిన మోకాలి నొకదానిని వైద్యుడు పరీక్షకై గిన్నెలో ఉంచగా, సేవకుడు దానిని వంటకు తెచ్చిన మాంసముగా పొరపడబోవును. ఆ మోకాలు ఎవ్వరిది? చెప్పువారు లేరు. దానిని గుర్తుపట్టి యేడ్చువారు అచ్చట లేరు. అంగము పేరును కోలుపోయినచోట కరుణకు ఆలంబనము లేదు, మిగిలినది జుగుప్స. స్త్రీపర్వమునకును, పరిచారికల రచనలకును గల దూరమంతయు ఈ హస్తమునకును ఈ మోకాలికిని నడుమ నున్నది.

దశరూపకమున ధనంజయుడు బీభత్సమును మూడు విధములుగా విభజించెను. పురుగులు, దుర్గంధము, వాంతి మున్నగువానివలన కలుగునది ఉద్వేగి. రక్తము, ప్రేవులు, ఎముకలు, వస, మాంసము మున్నగువానివలన కలుగునది క్షోభణము. లోకము రమణీయమని తలచు స్త్రీశరీరమునెడ వైరాగ్యమువలన కలుగు ఏవగింపు శుద్ధము. భరతుని నాట్యశాస్త్రమునను మొదటి రెండు భేదములకు మూలము కలదు. మన కావ్యములలోని యుద్ధవర్ణనములను ఈ విభాగముతో పోల్చి చూచినచో, వానిలోని బీభత్సము మిక్కిలిగా క్షోభణమేయని తెలియును. నెత్తురు టేఱులు, తలల గుట్టలు, ప్రేవుల మాలలు దాల్చి యాడు భూతబేతాళములు, ఇవి యన్నియు వీరుని పరాక్రమమునకు సాక్ష్యములు. ఎంత రక్తము ప్రవహించిన అంత వీరము పోషింపబడును. ఉద్వేగి శ్మశానవర్ణనలలో కనబడునుగాని రణవర్ణనలలో దానికి చోటు తక్కువ. కారణము స్పష్టము. రక్తము ఆనాటిది, చీము మఱునాటిది. మఱునాటికి కవి రణరంగమును విడిచి పోయినాడు.

పరిచారిక వ్రాయునది ఆ మఱునాటిని. ఇట్లు వ్రాయుట ఒక్కసారిగా అలవడినది కాదు. క్రిమియా యుద్ధమున 1854 నవంబరులో 38 మంది పరిచారికలతో స్కుటారి చేరిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు లోకవిదితము. స్కుటారి యుద్ధభూమి కాదు. నల్లసముద్రమున కీవల, కాన్‌స్టాంటినోపుల్ నగరమున కెదురుగా నున్న స్థలము. అచ్చటికి గాయపడినవారు ఓడలలో తేబడుచుండిరి. గాయములవలన కంటె నివారింపదగిన వ్యాధులవలననే సైనికులు అధికముగా మరణించిరని ఆమె 1858 నాటి నివేదికలో అంకెలతోడను, రంగుల పటములతోడను నిరూపించెను. దీపధారిణియైన దేవతగా ఆమెను కవులు కీర్తించిరి. లాంగ్‌ఫెల్లో 1857లో వ్రాసిన గీతముతో ఆ రూపము స్థిరపడినది. కాని ఆమె తన గద్యమున ఎన్నుకొనినది దీపమును కాదు, మురుగుకాలువను, గాలిని, మంచినీటిని, మృతుల సంఖ్యను. జుగుప్సకు కారణమైనదానిని ఆమె లెక్కగా మార్చినది. అది శాస్త్రము, రసము కాదు. అయినను చూపు మరల్పకుండుట అను నియమము అచ్చటనే మొదలైనదని మేము తలచుచున్నాము.

అదే యుద్ధమునకు సంబంధించినది మేరీ సీకోల్ ఆత్మకథ. ఆమె 1805లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జన్మించినది. మూలికావైద్యమును తల్లివద్ద నేర్చినది. పరిచారికగా పంపుమని లండనులో ఆమె చేసిన ప్రార్థన నిరాకరింపబడగా, స్వంతవ్యయముతో క్రిమియాకు పోయి 1855లో బాలక్లావా సమీపమున సైనికులకు ఆహారపానీయములు, ఔషధములు దొరకు విడిది నొకదానిని నెలకొల్పెను. రణస్థలమునకు కట్లగుడ్డలతో పోయి పరిచర్య చేసెను. సంధి జరిగినపిదప వ్యాపారము దివాలా తీయగా 1857లో తన చరిత్రను ప్రకటించెను. తెల్లజాతివారు త్రోసివేసిన స్త్రీ తన యోగ్యతను నిరూపించుకొను గ్రంథమది. కనుక దానిలో వీరమును, హాస్యమును ప్రధానములు. గాయములను ఆమె వేగముగా దాటిపోవును. దీనిని లోపముగా నెంచరాదు. తన మాట నమ్మబడునను ధైర్యము గలవారికే జుగుప్సను వర్ణించు స్వేచ్ఛ యుండును.

అమెరికా అంతర్యుద్ధమున లూయిసా మే ఆల్కాట్ 1862 డిసెంబరునుండి సుమారు ఆఱు వారములు వాషింగ్టన్ సమీపమున జార్జిటౌన్ వైద్యశాలలో పనిచేసి, సన్నిపాతజ్వరముతో ఇల్లు చేరెను. 1863లో వెలువడిన ‘హాస్పిటల్ స్కెచెస్’ అనునది ఆ యనుభవమునకు రూపము. ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధమునుండి తేబడిన క్షతగాత్రుల బురద, దుర్గంధము మొదటి పుటలలోనే కలవు. కాని రచయిత్రి వానిని హాస్యముతో చుట్టి పాఠకుని చేతి కిచ్చును. గ్రంథమునకు శిఖరమైనది వర్జీనియా వాసియగు జాన్ అను కమ్మరి మరణము. తాను చనిపోవుచున్నట్లు ఎఱుగని యతనికి ఆ మాట చెప్పవలసినది పరిచారికయే. అతడు ధీరుడై మరణించును. ఇంటినుండి జాబు అతడు మరణించినపిమ్మట వచ్చును. ఇది నిర్దుష్టమైన కరుణము. ఐనను ఇచ్చట కరుణ వీరమును ఆశ్రయించి నిలిచినది. జాన్ ఉదాత్తుడు, అతడు పోరాడిన పక్షము ధర్మపక్షమని రచయిత్రి నమ్మినది. కనుక పాఠకుని దుఃఖమున కొక విశ్రాంతి కలదు.

1914లో ఆరంభమైన మహాయుద్ధము ఈ విశ్రాంతిని తొలగించినది. ఆ మార్పునకు మొదటి సాక్షి ఎల్లెన్ లా మోట్. ఆమె అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో శిక్షణ పొందిన వృత్తి పరిచారిక. 1915, 1916 సంవత్సరములలో బెల్జియమున యుద్ధరేఖకు వెనుక, మేరీ బోర్డెన్ నెలకొల్పిన ఫ్రెంచి సైనికవైద్యశాలలో పనిచేసెను. ఆమె ‘ది బాక్‌వాష్ ఆఫ్ వార్’ 1916లో వెలువడెను. అమెరికా యుద్ధమున ప్రవేశించిన మఱుసటియేడు, అనగా 1918లో, ఆ గ్రంథము నిషేధింపబడి, 1934లో గాని మరల అచ్చుకాలేదు. 2019లో వెలువడిన పరిష్కృత ముద్రణముతో విద్వల్లోకము దానిని మఱల చదువ నారంభించినది.

అందలి మొదటి కథకు ‘వీరులు’ అని పేరు. ఒక సైనికుడు యుద్ధమును భరింపలేక నోటిలో తుపాకి కాల్చుకొనెను, చావలేదు. అతనిని బ్రతికింపవలెను. ఎందులకు? స్వస్థుడైనపిదప గోడకు నిలిపి, సైన్యశాసనానుసారము కాల్చి చంపుటకు. అతడు శాపములు పెట్టుచు, రక్తము నుమియుచు, చికిత్సను ఎదిరించుచుండును. చికిత్సను నిరాకరించిన భీష్ముని ఇచ్చట తలచుకొనవలెను. అచ్చట నిరాకరణము వీరుని హక్కు. వైద్యులు సత్కారమంది మరలిపోయిరి. ఇచ్చట అదే నిరాకరణము పిఱికివాని నేరము, వైద్యులు మరలిపోరు. కథ ఇంతటితో నిలువదు. మిగిలిన శయ్యలపై నున్న వీరులనుగూడ స్వస్థపఱచి పంపునది కందకములలోనికే కదా, అప్పుడు వారికిని వీనికిని గల భేదమేమి యని రాత్రివేళ పరిచారిక తలపోయును. తన వృత్తియొక్క ప్రయోజనమునే ఆమె ప్రశ్నించుచున్నది.

తక్కిన కథలలో వాయుకోథము అను వ్యాధి మాటిమాటికి కనబడును. ఎరువు వేసి దున్నిన పొలముల మట్టిలోని సూక్ష్మజీవులు లోతైన గాయములలో ప్రవేశించి, మాంసమును కుళ్లించి, దానిలో వాయువును పుట్టించుటవలన ఇది కలుగును. పెనిసిలిన్ అప్పటికి లేదు. కుళ్లినంతమేర కోసివేయుట ముఖ్యమైన చికిత్స. ఆ దుర్గంధమును లా మోట్ ఉపమానములతో మఱుగుపఱుపదు. ‘ఒంటరి’ అను కథలో రోషార్ అను సైనికుడు ఈ వ్యాధితోనే, తనకై దుఃఖించువా రొక్కరును లేక మరణించును. ధనంజయుడు చెప్పిన ఉద్వేగికి ఇంతకంటె శుద్ధమైన లక్ష్యము దొరకుట కష్టము. అయినను జుగుప్స యిచ్చట గాయమునందే ఆగిపోవుట లేదని గమనింపవలెను. ఒక కథలో శిక్షాదళమునకు చెందిన సైనికుడు చిరకాలము బాధపడి మరణింపగా, అతనికి పతకము నొసగుటకు సేనాధిపతి అటుపిమ్మట కొలదిసేపటికే వచ్చును. మఱియొక కథలో కాలుసేతులును, కన్నులును పోయిన యువకుడు శస్త్రవైద్యుని విజయముగా ప్రకటింపబడి ఇల్లు చేరి, తన్ను చంపుమని తండ్రిని వేడుకొనును. చదువరికి ఏవగింపు పుట్టునది వ్రణమునందా, పతకమునందా? మొదట వ్రణమునందు, తుదకు పతకమునందు.

ఇచ్చటనే ధనంజయుని మూడవ భేదము మనకు తోడ్పడును. శుద్ధబీభత్సమున ఆలంబనము కుత్సితవస్తువు కాదు. లోకము రమణీయమని తలచునది. శాస్త్రకారులకు అట్టి వస్తువు స్త్రీశరీరము. చూచువాడు విరక్తుడైన పురుషుడు. లా మోట్ గ్రంథమున చూచునది స్త్రీ. శయ్యపై నున్నది పురుషుని శరీరము. కాని ఆమె యేవగింపు ఆ శరీరముపై నిలువలేదు. ఆ శరీరమును ఆమె కడిగినది, కట్టు కట్టినది. లోకము రమణీయమనునట్టి కీర్తియందే ఆమె విరక్తి వహించినది. ఉద్వేగి శుద్ధముగా పరిణమించుట ఈ గ్రంథమునందలి రసప్రక్రియ. ప్రభుత్వము నిషేధించినది గాయములను వర్ణించినందులకే యనుకొనుట చాలదు. ఆ వర్ణనము వీరమునకు అంగముగా నుండ నిరాకరించినది.

మేరీ బోర్డెన్ గ్రంథము 1929లో వెలువడెను. యుద్ధరేఖకు వెనుకనున్న నిషిద్ధప్రదేశమునకు ఫ్రెంచివారు పెట్టిన పేరే దాని పేరు. అందు ‘కుట్ర’ అను ఖండికలో, చినిగిన బట్టలను చాకలికి పంపి, కుట్టించి, మరల చినుగువరకు తొడుగుటతో సైనికుల చికిత్సను ఆమె పోల్చెను. పోలిక గృహజీవనమునుండి తీసినది, అందుచేతనే దారుణమైనది. ‘వెన్నెల’ అను ఖండికలో బాధయే వైద్యశాలను పాలించుననియు, అచ్చట పురుషులు పురుషులు కారనియు, తాను స్త్రీని కాననియు పరిచారిక తెలిసికొనును. అదే 1929లో వెలువడిన హెమింగ్వే నవల ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ నందు పరిచారిక నాయిక. గాయపడిన నాయకుని రతికి ఆలంబనము. శయ్యపైనుండి చూచిన రచయితకు ఆమె నాయికగా కనబడినది. శయ్యప్రక్క నిలిచిన రచయిత్రి తాను స్త్రీనేయనుట మఱచినది. పరిచారికను దేవతగానో, నాయికగానో మాత్రమే చూచిన సాహిత్యమునకు ఈ ఖండిక సమాధానము.

ఇప్పుడు రూపవిచారము. బోర్డెన్ గ్రంథము ఖండికలు, గీతములు. లా మోట్‌ది చిన్నకథలు. ఈనిడ్ బాగ్నోల్డ్ లండనులోని వుల్విచ్ సైనికవైద్యశాలలో స్వచ్ఛందసేవికగా నుండి 1918లో ప్రకటించిన దినచర్యలో తేదీలే లేవు; గ్రంథము పేరే ‘ఎ డైరీ వితౌట్ డేట్స్’. వైద్యశాల అంతఃకథను వెల్లడించెనని ఆమెను కొలువునుండి తొలగించిరి. ముగ్గురును ఖండరూపమునే ఎన్నుకొనుట కాకతాళీయమా? మహాకావ్యమున శృంగారవీరశాంతములలో ఒకటి అంగిరసము కావలెనని విశ్వనాథుని నియమము. బీభత్సము అంగిగా దీర్ఘకావ్యమును మోయజాలదని దీని భావము. జుగుప్స చిరకాలము నిలిచినచో ఇంద్రియములు మొద్దువాఱును, లేదా పాఠకుడు పుస్తకము మూయును. కనుక ఈ రచయిత్రులు ముక్తకమువంటి రూపమును ఆశ్రయించిరి. ఒక్కొక్క ఖండిక ఒక్కొక్క శయ్య. ఒకదాని కథ ముగియకముందే మఱియొకదానికడకు పోవలసివచ్చును. రసమే రూపమును నిర్ణయించినది.

దీనికి వ్యతిరేకోదాహరణము వెరా బ్రిట్టెయిన్ ఆత్మకథ ‘టెస్టమెంట్ ఆఫ్ యూత్’. 1933లో వెలువడిన ఈ గ్రంథము దీర్ఘము, కాలక్రమానుగతము. 1915లో ఆక్స్‌ఫర్డ్ చదువును విడిచి ఆమె స్వచ్ఛందసేవికయై లండను, మాల్టా, ఫ్రాన్సులలో పనిచేసెను. ఆ 1915 డిసెంబరులోనే కాబోవు భర్త మరణించెను. 1917లో ఇద్దఱు మిత్రులు, 1918 జూనులో సోదరుడు యుద్ధమున మడిసిరి. 1917లో ఎటాప్ల్ వైద్యశాలలో ఆమె గాయపడిన జర్మను ఖైదీలకు పరిచర్య చేసినది. సోదరుడు ఆనాడు ఆ జర్మను సైన్యముతోనే పోరాడుచుండెను. ఈ ఘట్టము గ్రంథమునకు హృదయము. దీర్ఘరచన నిలువగలుగుట కరుణ అంగియగుటవలన. ఆమెకు మరణించినవారి పేర్లు తెలియును. గాంధారివలె ఒక్కొక్కరిని చూపి దుఃఖింపగలదు. ఆ దుఃఖము ఆమెను యుద్ధవ్యతిరేకిని చేసినది. స్త్రీపర్వమునకు ఆధునికగద్యమున సమీపమైన గ్రంథము ఇది యని మా తలంపు.

ఇవి వృత్తాంతలేఖనములు మాత్రమే, రసవిచారమునకు తగవని కొందఱు ఆక్షేపింపవచ్చును. దీనికి మా సమాధానము బీభత్సముయొక్క అనుభావములను స్మరించుటయే. ముఖము ముడుచుట, ముక్కు మూసికొనుట, ఉమియుట, తొలగిపోవుట మున్నగునవి జుగుప్సకు సహజానుభావములు. లోకమున ఎవ్వరైనను ఇట్లు చేయుదురు. పరిచారికకు ఇవి యన్నియు నిషిద్ధములు. ఏవగింపు కలిగినచోటనే ఆమె చేయి చాపవలెను, తొలగిపోవలసినచోటనే కూర్చుండవలెను, ముఖమున మార్పు కనబడరాదు, రోగి చూచుచుండును. స్థాయి కలదు, విభావములు కలవు. అనుభావములు మాత్రము నిరోధింపబడినవి. ఇట్లు నిరుద్ధమైన భావమునకు వాక్యము తప్ప వేఱు మార్గము లేదు. లా మోట్ వ్యంగ్యమునందలి చల్లదనము, బోర్డెన్ వాక్యములలోని పునరుక్తి, బాగ్నోల్డ్ మితభాషిత్వము, ఇవి యన్నియు ఆ నిరోధముయొక్క గుర్తులు. వృత్తాంతమునకు ఇవి అవసరము లేదు, రసమునకే అవసరము.

మహాభారతమున అంగిరసము శాంతమని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము చతుర్థోద్ద్యోతమున నిర్ణయించెను. అంత గొప్ప యుద్ధకథ తుదకు నిర్వేదమున విశ్రమించినది. మే ము పరిశీలించిన రచనలలో బ్రిట్టెయిన్ గ్రంథమునకు అట్టి విశ్రాంతి కొంత లభించినది. లా మోట్, బోర్డెన్ గ్రంథములకు లభింపలేదు, లభింపగూడదు. కుట్టిన బట్ట మరల చినుగుటకే పంపబడుచున్నంతవఱకు ఆ రచనలకు శాంతము అసత్యమగును. ఒకే యుద్ధమునందు ఒకే పనిచేసిన స్త్రీలు భిన్నరసములను ఆశ్రయించిరని గుర్తించుట విమర్శకుని మొదటి ధర్మము. అందఱిని కలిపి కరుణామయులని పొగడుట, వారిలో మిక్కిలి ధైర్యముతో పలికినవారి మాటను వినకపోవుటయే యగును.